రాత్రి కాపరి కుంచె: చార్లీ రస్సెల్ ‘కౌబాయ్ చిత్రకారుడు’ ఎలా అయ్యాడు?

తెలుగువారికి కౌబాయ్ అనగానే 1971లో కృష్ణ వేసిన వేషం గుర్తుకొస్తుంది. వెడల్పాటి అంచుల టోపీ, నడుముకు తుపాకీ, దుమ్ము రేపుకుంటూ వచ్చే గుర్రం. ఆ వేషం మనకు ఇటలీవాళ్లు తీసిన సినిమాల మీదుగా వచ్చింది, వాళ్లకు హాలీవుడ్ నుంచి వచ్చింది. హాలీవుడ్ మాత్రం దాన్ని చాలావరకు పత్రికల్లోని బొమ్మల నుంచి, గోడల మీది చిత్రాల నుంచి ఎత్తుకుంది. ఆ బొమ్మలు వేసినవాళ్లలో ముందుగా చెప్పుకునే పేర్లు రెండు: ఫ్రెడెరిక్ రెమింగ్టన్, చార్ల్స్ మేరియన్ రస్సెల్. అమెరికా వాయవ్యంలోని మోంటానా రాష్ట్ర జనం ఈ రెండో ఆయనను ఇప్పటికీ చార్లీ రస్సెల్ అనే పిలుస్తారు.

ఇద్దరినీ ‘కౌబాయ్ చిత్రకారులు’ అనే అంటారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. ఆ మాటకు కౌబాయ్‌ల బొమ్మలు వేసేవాడని ఒక అర్థం, కౌబాయ్‌గా బతికి బొమ్మలు వేసినవాడని మరో అర్థం. 1965లో ఆరిజోనాలోని సెడోనాలో కొందరు కళాకారులు కలిసి ‘కౌబాయ్ ఆర్టిస్ట్స్ ఆఫ్ అమెరికా’ అనే సంఘం పెట్టుకున్నాక అదొక శాఖ పేరు కూడా అయింది. రస్సెల్ విషయంలో మొదటి రెండు అర్థాలూ కలిసిపోయాయి కాబట్టి ఆయన తన కళ్లతో చూసిందే వేశాడని చాలామంది అనుకుంటారు. ఆయన జీవితాన్ని తేదీల వారీగా చూస్తే లెక్క అంత సులువుగా కుదరదు.

కౌబాయ్ అంటే జీతగాడు

ముందుగా పదం సంగతి చూద్దాం. 19వ శతాబ్దం చివరిపాదంలో కౌబాయ్ అంటే వేరేవాళ్ల పశువులను నెలజీతానికి కాసే పనివాడు. తుపాకీ వీరుడేమీ కాదు. ఆ పనిలో వాడే తాడు, జీను, పనిముట్ల పేర్లు చాలావరకు మెక్సికో పశుపాలకుల నుంచి వచ్చినవే. నల్లజాతివారు, మెక్సికన్లు ఆ పనిలో పెద్ద సంఖ్యలో ఉండేవారు, సినిమాల్లోనే వాళ్లు కనబడరు.

పశువులు కంచెలు లేని ప్రభుత్వ భూముల్లో తిరుగుతూ మేసేవి. పదిమంది యజమానుల పశువులు కలిసిపోయేవి కాబట్టి ఎవరివి ఎవరివో తెలిసేందుకు కాల్చిన ఇనుప ముద్రతో వాత పెట్టేవారు. వసంతంలో అందరూ కలిసి వందల మైళ్ల మేర మందలను ఒకచోటికి తోలుకొచ్చి, కొత్త దూడలకు తల్లి మీది ముద్రే వేసేవారు. దీన్నే రౌండప్ అంటారు. శరత్తులో మళ్లీ తోలుకొచ్చి, బలిసినవాటిని ఏరి రైలెక్కించేవారు. ఈ ఏర్పాటు సాగాలంటే కంచెలు ఉండకూడదు, గడ్డి సమృద్ధిగా ఉండాలి, చలికాలం దయతలచాలి. ఉత్తరాది మైదానాల్లో ఈ మూడూ కలిసి నిలిచిన కాలం పదేళ్లకు మించలేదు. రస్సెల్ సరిగ్గా ఆ పదేళ్లలోనే అక్కడికి చేరాడు.

ఇటుకల వ్యాపారి కొడుకు

ఆయన 1864 మార్చి 19న మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్‌లో, బొగ్గు గనులూ ఇటుక బట్టీలూ ఉన్న సంపన్న కుటుంబంలో పుట్టాడు. నాయనమ్మ పుట్టింటివారు బెంట్‌లు. ఆమె సోదరులు విలియం బెంట్, చార్ల్స్ బెంట్ ఆర్కాన్సా నది ఒడ్డున కోట కట్టుకుని, ఆదివాసులతో బొచ్చుతోళ్ల వ్యాపారం చేసి పేరు పొందినవారు. ఇంట్లో పడమటి కథలకు కొదవ లేదన్నమాట. ఊళ్లో కార్ల్ వైమర్ అనే చిత్రకారుడు ఆదివాసుల మీద, అడవిదున్నల (బైసన్‌ల) వేట మీద వేసిన చిత్రాలు ఉండేవి, వాటిని రస్సెల్ ఇష్టపడ్డాడు. ఎవరి దగ్గరా నేర్చుకోకుండా అడవిలో మొలిచిన చిత్రకారుడన్న ప్రచారాన్ని ఈ ఒక్క సంగతి కొంత తగ్గిస్తుంది. ఆయనకు బడి శిక్షణ లేదన్నది నిజం. చూడటానికి బొమ్మలే లేవన్నది నిజం కాదు.

చదువు మాత్రం ఒంటబట్టలేదు. పుస్తకాల అంచుల నిండా గుర్రాలే. న్యూజెర్సీలోని సైనిక పాఠశాలకు పంపినా ఫలితం లేకపోయింది. చివరికి, వెళ్లి ఆ కష్టమేమిటో చూస్తే బుద్ధొచ్చి తిరిగొస్తాడన్న ఆశతో కావచ్చు, 1880లో పదహారో ఏడు నిండటానికి కొద్దిరోజుల ముందు కుటుంబానికి తెలిసిన ఒకాయన వెంట మోంటానాకు పంపారు. అక్కడ మొదట అప్పగించిన పని గొర్రెల కాపు. గొర్రెలను తప్పిపోనిచ్చి ఆ ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత జేక్ హూవర్ అనే వేటగాడు చేరదీశాడు. రెండేళ్లపాటు ఆయన వెంట జూడిత్ లోయలో తిరుగుతూ జింకలను, ఎలుగులను చూశాడు, వేటాడిన జంతువుల చర్మం ఒలిచాడు. కండ ఎక్కడ మొదలై ఎముకను ఎక్కడ పట్టుకుంటుందో కళాశాలలో నమూనా ముందు కూర్చుని నేర్చుకునేవారు ఉంటారు, ఈయన కత్తితో నేర్చుకున్నాడు.

రాత్రి ఉద్యోగం, పగటి వెలుతురు

1882లో రౌండప్‌లో పని దొరికింది. అయితే తాడు విసిరి ఎద్దులను పడగొట్టే పని కాదది, రాత్రిపూట గుర్రాల మందను కాయడం. కౌబాయ్‌లు ఒక్కొక్కరూ పనిలో గుర్రాలు మార్చుకోవలసి ఉంటుంది కాబట్టి ప్రతి బృందం వెంటా పెద్ద గుర్రాల గుంపు ఉండేది. రాత్రి అవి చెదిరిపోకుండా, బెదిరిపోకుండా చూసి, తెల్లవారగానే విడిదికి తోలుకురావాలి. తాను తాడు విసరడంలోనూ, స్వారీలోనూ ఘనుణ్ణి కాననీ, మంచి రాత్రి కాపరినన్న పేరు మాత్రం ఉండేదనీ రస్సెల్ తర్వాత తన గురించి తానే రాసుకున్నాడు. దాదాపు పదకొండేళ్లు ఆయన చేసిన ఉద్యోగం ఇంచుమించు అదే.

దీన్ని కొందరు చిన్నచూపుగా చెబుతారు, అసలు కౌబాయ్ కాడనే దాకా వెళతారు. నాకు మాత్రం ఆయన ఎదుగుదలకు తాళంచెవి ఇక్కడే దొరుకుతుందనిపిస్తుంది. పగలు పనిచేసేవాడు గుర్రం మీద ఉంటాడు, తన ముందున్న ఎద్దు తప్ప అతనికి మరేమీ కనబడదు. రాత్రి కాపరి పగలు ఖాళీ. కాసేపు నిద్రపోయి లేచి, మిగతావాళ్లు దుమ్ములో పెనుగులాడుతుంటే పక్కన కూర్చుని చూడగలడు. రస్సెల్ సామాను మూటలో నీటిరంగులు, కుంచెలు ఉండేవి. జేబులోని మైనపు ముద్దతో మాట్లాడుతూ మాట్లాడుతూ వేళ్లతోనే గుర్రాన్నో ఎలుగునో చేసేసేవాడు. వేసిన బొమ్మలు తోటివాళ్లకు ఊరికే ఇచ్చేసేవాడు, లేదంటే సారాకొట్టు బాకీ కింద జమ అయ్యేవి.

ఆ చూపు ఎంత నిశితమో తెలియడానికి ఆయన 1920లో వేసిన ఒక తైలవర్ణ చిత్రం చాలు. దాని పేరులోనే తాడు చుట్టు బిగువు, జీను పట్టీ వదులు అన్న సంగతి ఉంటుంది. కౌబాయ్ ఉచ్చు విసిరి పశువును పట్టగానే తాడు కొసను జీను ముందున్న కొమ్ముకు చుట్టి బిగిస్తాడు. అప్పటినుంచి పశువు బరువంతా జీను మీద పడుతుంది. జీనును గుర్రానికి కట్టి ఉంచే తోలుపట్టీ ఆ వేళ వదులుగా ఉంటే జీను పక్కకు తిరిగిపోతుంది, పైనున్న మనిషి గతి చెప్పనక్కర్లేదు. ఆ పని తెలియనివారికి అది ఒట్టి గందరగోళంగా కనిపిస్తుంది. తెలిసినవారు మాత్రం పొద్దున గుర్రానికి జీను కట్టేటప్పుడు జరిగిన తప్పును కూడా ఆ బొమ్మలో చదువుకుంటారు.

పోస్టుకార్డంత అట్టముక్క

1886 వేసవిలో వానలు లేవు. గడ్డి తక్కువ, పశువులు ఎక్కువ. ఆ వెనకే వచ్చిన చలికాలంలో మంచు కురిసి, పైపొర కాస్త కరిగి, మళ్లీ గడ్డకట్టి రాయిలా మారింది. గుర్రాలైతే గిట్టలతో మంచును తవ్వి కింది గడ్డి తింటాయి, పశువులకు ఆ అలవాటు లేదు. కొన్ని మందల్లో సగానికి పైగా చచ్చిపోయాయి.

ఆ శీతాకాలం రస్సెల్ జూడిత్ లోయలో ఒక పశువుల కొట్టాన్ని చూసుకునేవారితో కలిసి ఉన్నాడు. హెలెనా పట్టణంలో ఉన్న యజమాని మంద ఎలా ఉందని రాసి అడిగాడు. కొట్టం పెద్దాయన జవాబు ఎలా రాయాలా అని తలపట్టుకుంటే, రస్సెల్ చిన్న అట్టముక్క మీద నీటిరంగులతో ఒక బొమ్మ వేసి ఇచ్చాడు. డొక్కలు లెక్కపెట్టుకునేంతగా ఎండిపోయిన ఒక ఎద్దు మంచులో తలవాల్చి నిలబడి ఉంటుంది, కాస్త దూరంలో తోడేళ్లు కూర్చుని కాచుకుంటుంటాయి. బొమ్మ చూశాక వేరే ఉత్తరం అక్కర్లేదనిపించిందని చెబుతారు. ‘చినూక్ కోసం ఎదురుచూపు’ అన్న పేరు దానికి తర్వాత స్థిరపడింది. చినూక్ అంటే రాకీ పర్వతాల మీదుగా దిగివచ్చి గంటల్లో మంచును కరిగించే వెచ్చని గాలి.

యజమాని ఆ ముక్కను ఊళ్లోవారికి చూపించాడు, దాంతో రస్సెల్ పేరు మోంటానా అంతటా పాకింది. చిత్రకళ లెక్కలో చూస్తే అది గొప్ప పనితనమేమీ కాదు. ఆ కాలపు ఆయన బొమ్మల్లో రంగు గోధుమ, బూడిద ఛాయలు దాటదు, ఒక్కోచోట కాళ్లు శరీరానికి అతికినట్టుండవు. ఈ బొమ్మలో ఆయన చేసిన తెలివైన పని, ఐదువేల పశువుల చావును చెప్పమంటే ఒక్కదాన్నే, అదీ ఇంకా ప్రాణంతో ఉన్నదాన్ని వేయడం. ఆ చలికాలంతో కంచెలేని మేత భూముల వ్యాపారం నడుం విరిగింది. యజమానులు ఎండుగడ్డి నిల్వచేయడం, ముళ్లతీగ వేయడం మొదలుపెట్టారు. అంటే రస్సెల్ చిత్రకారుడిగా పేరు తెచ్చుకున్న క్షణమూ, ఆయన వేయబోయే లోకం పోవడం మొదలైన క్షణమూ ఒకటే.

చూసినదెంత, విన్నదెంత

1893లో రస్సెల్ పశువుల పని పూర్తిగా మానేశాడు. ఇప్పుడు మ్యూజియంలలో వేలాడే పేరున్న చిత్రాలలో చాలావాటిని అప్పటికింకా వేయలేదు. కౌబాయ్‌గా ఉన్నప్పుడు ఆయన తీరిక వేళల్లో బొమ్మలు వేసేవాడు, పూర్తిస్థాయి చిత్రకారుడయ్యేనాటికి కౌబాయ్ కాడు.

ఆయన ఎక్కువగా వేసిన మరో విషయం గుర్రాల మీద ఆదివాసుల దున్నల వేట. దాన్ని ఆయన చూసే అవకాశం దాదాపు లేదు, 1883 నాటికే ఉత్తరాది మైదానాల్లో అడవిదున్నల పెద్ద మందలు తుడిచిపెట్టుకుపోయాయి. అది పెద్దలు చెప్పగా విన్నదే. 1888లో ఆయన కెనడాలోని ఆల్బర్టాకు వెళ్లి, అక్కడి కైనాయ్ ఆదివాసులకు దగ్గరగా కొంతకాలం ఉన్నాడు. తర్వాతి కథనాల్లో అది వారి గుడారాల్లోనే గడిపిన పూర్తి శీతాకాలంగా మారింది. పరిశోధకులు ఆ కాలాన్ని బాగా కుదించారు. అలా పెంచి చెప్పడంలో రస్సెల్ పాత్ర కొంత, అభిమానుల పాత్ర ఇంకొంత.

అలాగని అంతా కల్పన కాదు. ఫ్లాట్‌హెడ్ ప్రాంతంలో మిషెల్ పాబ్లో అనే పశుపాలకుడు కాపాడిన అడవిదున్నల మందను కెనడా ప్రభుత్వం కొన్నప్పుడు, 1908లోనూ 1909లోనూ వాటిని తోలే పనికి రస్సెల్ స్వయంగా వెళ్లాడు. పరిగెత్తే దున్న మెడ ఎలా ఊగుతుందో, వాలు ఎక్కేటప్పుడు ముందు భాగం ఎలా పైకి లేస్తుందో అక్కడ చూశాడు. 1914లో వేసిన పెద్ద చిత్రంలో నది దాటి గట్టెక్కుతున్న మంద సూటిగా మన వైపే వస్తుంటుంది, మనిషి జాడ ఉండదు. ఆ నేల దేవుడిదిగా ఉన్నప్పటి కాలం అని దానికి పేరు పెట్టాడు. అందులోని కదలిక చూసినది, కాలం ఊహించినది. ఆయన పనిలో ఈ రెండింటినీ విడదీయడం చాలాసార్లు సాధ్యం కాదు.

నాన్సీ, న్యూయార్క్, టెలిఫోన్ స్తంభాల ఇల్లు

1896లో ముప్పైరెండేళ్ల రస్సెల్ పద్దెనిమిదేళ్ల నాన్సీ కూపర్‌ను పెళ్లి చేసుకున్నాడు. బేరమాడటం ఆయనకు రాదు, ఆమెకు బాగా వచ్చు. పదో పరకో తీసుకుని ఇచ్చేసే బొమ్మలకు ఆమె చెప్పే ధరలు విని, అవి చచ్చినవాళ్ల బొమ్మలకు పలికే ధరలని ఆయన బెదిరిపోయేవాడట. సారాకొట్టు స్నేహాలను ఆమె తగ్గించిందని పాత మిత్రులు గొణిగారు. ఆ గొణుగుడు కొన్ని జీవితకథల్లో ఇంకా వినిపిస్తుంది. ఆమె లేకపోతే న్యూయార్క్, లండన్ ప్రదర్శనలు జరిగేవని నేననుకోను.

1903లో మోంటానాలోని గ్రేట్ ఫాల్స్ ఊళ్లో ఇంటి పక్కనే టెలిఫోన్ స్తంభాల దుంగలతో బొమ్మల గది కట్టించాడు. మొదట ఇరుగుపొరుగు ఏమనుకుంటారోనని సిగ్గుపడ్డాడు గానీ, తర్వాత చనిపోయేదాకా పెద్ద చిత్రాలన్నీ అందులోనే వేశాడు. దాదాపు ఆ రోజుల్లోనే భార్యాభర్తలు మొదటిసారి న్యూయార్క్ వెళ్లారు. అక్కడ జాన్ మార్చండ్, విల్ క్రాఫర్డ్, ఫిలిప్ గుడ్విన్ లాంటి పత్రికా చిత్రకారులు ఆయనకు స్నేహితులయ్యారు, ఒక రకంగా గురువులు కూడా అయ్యారు. వెలుతురు ఒక దిక్కు నుంచి వచ్చేలా చూసుకోవడం, గుంపులో కన్ను ఎక్కడ ఆగాలో నిర్ణయించడం లాంటి వృత్తి మెలకువలు ఆయనకు ఆ సావాసంలో ఒంటబట్టాయి. మైనపు బొమ్మను కంచులో పోత పోయించే పని కూడా 1904లో అక్కడే మొదలైంది.

తేడా కంటికి తెలుస్తుంది. 1890ల చిత్రాల్లో నేల, ఆకాశం, గుర్రం అన్నీ ఒకే దుమ్ము రంగు. 1910 దాటాక సాయంత్రపు నారింజ, కొండల ఊదా, నీడల్లో నీలం వస్తాయి, బొమ్మలో మనుషులు తగ్గి గాలి పెరుగుతుంది. పశువుల కొట్టంలో నేర్చిన చూపుకు పట్నంలో నేర్చిన పనితనం తోడైంది. ఆయన సహజ ప్రతిభ గురించి చెప్పేవాళ్లు ఈ రెండో సగాన్ని సాధారణంగా దాటేస్తారు.

రెమింగ్టన్ దారి దీనికి ఎదురు దిక్కు. న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టి, యేల్‌లో కొంత కళావిద్య చదివి, కాన్సాస్‌లో కొద్దికాలం గొర్రెలు పెంచి, ఆ తర్వాత పత్రికల కోసం పడమటికి వెళ్లి వస్తూ వేసినవాడు. సైనికుల బొమ్మల్లోనూ, చివరి ఏళ్లలో వేసిన వెన్నెల చిత్రాల్లోనూ ఆయన పనితనం రస్సెల్‌ను మించిందనేవారి వాదనలో బలముంది. ఆదివాసులను ఎదుటి పక్షంగా కాక ఇంటివారిగా చూపడంలో రస్సెల్‌దే పైచేయి అనేవారి మాటలోనూ ఉంది.

శాసనసభ గోడ

ఆ రెండో మాటకు పెద్ద సాక్ష్యం హెలెనాలోని మోంటానా శాసనసభలో, సభాపతి కుర్చీ వెనక ఉంది. 1912లో పూర్తయిన ఆ కాన్వాస్ ఎత్తు దాదాపు 12 అడుగులు, పొడవు 25 అడుగులు. రాష్ట్రం ఇచ్చిన సొమ్ము 5,000 డాలర్లు. దానికోసం దుంగల గది కప్పును పైకి లేపించవలసి వచ్చింది. అడిగిన విషయం 1805 సెప్టెంబరులో లూయిస్, క్లార్క్ అనే అన్వేషకులు సేలిష్ ఆదివాసులను కలిసిన ఘట్టం. మరో చిత్రకారుడైతే అన్వేషకులను నడిమధ్య నిలబెట్టి, ఆదివాసులను చుట్టూ పేర్చేవాడు. రస్సెల్ మధ్యభాగమంతా గుర్రాల మీద సుడిగాలిలా వచ్చే సేలిష్ యోధులకు ఇచ్చి, లూయిస్, క్లార్క్‌లను కుడిపక్కన కాస్త దూరంలో చిన్నగా నిలబెట్టాడు. ఎవరు ఎవరి ఇంటికి వచ్చారో బొమ్మ చూడగానే తెలిసిపోతుంది.

మాటల్లోనూ ఆయన అలాగే ఉండేవాడు. భూమిలేక తిరుగుతున్న క్రీ, చిప్పెవా ఆదివాసీ కుటుంబాల కోసం మిత్రుడు ఫ్రాంక్ లిండర్‌మన్‌తో కలిసి పట్టుబట్టాడు, 1916లో వారికి రాకీ బాయ్ రిజర్వేషన్ (ఆదివాసులకు కేటాయించిన భూభాగం) ఏర్పడింది. 1923లో గ్రేట్ ఫాల్స్ పెద్దలు తనను ‘మార్గదర్శి’గా పొగిడిన సభలోనే లేచి, తన దృష్టిలో మార్గదర్శి అంటే కొత్త నేలకు వచ్చి జంతువులన్నిటినీ చంపి, గడ్డిని తిరగేసి దున్ని, ముళ్లతీగ చుట్టినవాడని చెప్పాడు.

దీనికి అభ్యంతరం చెప్పేవారూ ఉన్నారు. ఆయన చిత్రాల్లోని ఆదివాసులు దాదాపు ఎప్పుడూ గతంలోనే ఉంటారు, తన కాలంలో రిజర్వేషన్ల మీద రేషన్ కోసం నిలబడిన మనుషులు చాలా అరుదు. పోయినవారిగా చూపించడం కూడా వారిని పక్కకు నెట్టడమేనన్నది ఆ విమర్శ. 1890ల చివర్లో కీయోమా అనే ఆదివాసీ స్త్రీ పేరుతో వేసిన చిత్రాల్లో దుస్తులూ ఆభరణాలూ సరిగ్గానే ఉంటాయి గానీ, ఒరిగి పడుకున్న ఆ స్త్రీ భంగిమ యూరప్ అంతఃపుర చిత్రాల నుంచి వచ్చిందే. వాటికి నాన్సీయే నమూనాగా కూర్చుందని చెబుతారు. మరోవైపు, ఆ దుస్తుల, గుర్రపు అలంకరణల వివరాల్లో ఆయన చూపిన శ్రద్ధను సమర్థకులు ఎత్తిచూపుతారు. నా లెక్కలో ఆయనను సాక్షి అనడం కంటే గట్టి జ్ఞాపకశక్తి ఉన్న కథకుడు అనడం సబబు. అప్పుడు ఆ వివరాలూ నిలబడతాయి, విమర్శా నిలబడుతుంది.

మంట పక్కన నిలబడినవాడు

బెల్టుకు బదులు మెటీ జాతివారి (ఆదివాసులకూ యూరోపియన్లకూ పుట్టిన సంతతివారి) ఎర్ర నడికట్టు కట్టుకుని తిరిగిన ఈ మనిషికి మోటారుకార్లంటే గిట్టేది కాదు. ఆయన 1926 అక్టోబరు 24న గ్రేట్ ఫాల్స్‌లో చనిపోయినప్పుడు శవపేటికను గుర్రాలు లాగే బండి మీదే తీసుకెళ్లారు, ఊరి బడిపిల్లలకు సెలవిచ్చారు. సిడ్ విల్లిస్ సారాకొట్టు గోడల నిండా ఉన్న ఆయన చిత్రాలు 1952లో టెక్సస్ పత్రికాధిపతి ఏమన్ కార్టర్ చేతికి వెళ్లాయి. టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో 1961లో తెరిచిన మ్యూజియం పుట్టడానికి అలాంటి కొనుగోళ్లే కారణం.

చనిపోవడానికి ముందు ఏడాది, అరవైఒక్కేళ్ల వయసులో వేసిన రాత్రి చిత్రం ఒకటుంది. వంటబండి పక్కన మంట, దాని చుట్టూ కూర్చుని నవ్వుకుంటున్న కౌబాయ్‌లు, దూరంగా చంద్రుడు. వెలుతురు అంచున టోపీ వెనక్కి నెట్టుకుని నిలబడ్డ యువకుడు రస్సెలే. మిగతావాళ్ల రోజు ముగిసింది, కాళ్లు చాపుకున్నారు. ఆయన ఒక్కడే కూర్చోలేదు, గుర్రాల దగ్గరికి వెళ్లవలసిన వేళ కదా.